ల్యాబ్ రిపోర్ట్ చూపించి ఇంజెక్షన్ అమ్ముతున్నారు, ఆ రిపోర్ట్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

మిర్యాలగూడ_26:

అన్నలూ, రెండు వారాలుగా ఒక విషయం తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను. తిట్టేవాళ్లు తిట్టండి, కానీ తిట్టాక సమాధానం కూడా చెప్పండి.

నాకు 26. మా మేనమామ రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను, సాయంత్రం జిమ్. మూడేళ్లు బాగానే పెరిగి, ఈ ఏడాది మొదటి నుంచి బరువు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. మా జిమ్‌లో కోచ్ అన్న ఒకాయన టెస్టోస్టిరాన్ ఎనాంథేట్ (కండ పెరగడానికి పొడుచుకునే హార్మోన్ స్టిరాయిడ్) మొదలుపెట్టమని సీసా కూడా తెచ్చి చేతిలో పెట్టాడు, 2,800 తీసుకున్నాడు. పది మి.లీ. సీసా, మెడికల్ షాపులో దొరికే ఆంప్యూల్ కాదు. లేబుల్ మీద సింహం తల, మెరిసే స్టిక్కర్, గీకితే కనిపించే కోడ్, అన్నీ ఉన్నాయి గానీ తయారు చేసినవాళ్ల అడ్రస్ లేదు, లైసెన్స్ నంబర్ లేదు, ధర లేదు. అడిగితే "ఇది అండర్‌గ్రౌండ్ ల్యాబ్‌ది తమ్మీ, గందుకే అడ్రస్ ఉండదు" అని నవ్వాడు, అంటే లైసెన్స్ లేకుండా దొంగచాటుగా తయారు చేసేవాళ్లదన్నమాట.

నేను వెనక్కి తగ్గుతున్నానని తెలిసి రాత్రి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. యూరప్‌లో ఏదో స్వతంత్ర ల్యాబ్ ఇచ్చిన రిపోర్ట్. హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ అని రాసి ఉంది. లేబుల్ మీద మి.లీ.కి 250 మి.గ్రా. అని ఉంటే రిపోర్ట్‌లో 253.4 వచ్చింది. కింద క్యూఆర్ కోడ్ ఉంది, స్కాన్ చేస్తే ఆ ల్యాబ్ సైటే తెరుచుకుని అదే రిపోర్ట్ కనిపించింది, కాబట్టి ఫోటోషాప్ అయితే కాదు. మన మెడికల్ షాపు మందుకు కూడా ఎవరూ ఇలా రిపోర్ట్ చేతికివ్వరు కదా అనిపిస్తోంది. అయినా ఎక్కడో ఏదో తేడా కొడుతోంది, అదేంటో చెప్పలేకపోతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

పీక్ చూసేవాడు:

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో పని చేస్తాను, క్వాలిటీ కంట్రోల్‌లో తొమ్మిదేళ్లు. రోజంతా హెచ్‌పీఎల్‌సీ ముందే, అంటే మందులో ఏది ఎంత ఉందో కొలిచే మెషీన్ ముందే కూర్చుంటాను కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టు.

ముందు నీ ప్రశ్న ఒకటి కాదు, రెండు. ఆ ల్యాబ్ అబద్ధం చెప్పిందా అనేది ఒకటి. ఆ రిపోర్ట్ నీ చేతిలో ఉన్న సీసా గురించేనా అనేది రెండోది. నువ్వు మొదటి దాని మీదే క్యూఆర్ స్కాన్ చేసి తృప్తి పడ్డావు. నిజానికి మొదటి దానితో పెద్దగా సమస్య ఉండకపోవచ్చు. టెస్టోస్టిరాన్ ఎనాంథేట్‌ను కొలవడం కష్టమైన పనేం కాదు. నూనె కొంచెం తీసి సాల్వెంట్‌లో కలిపి మెషీన్‌కు ఎక్కిస్తే కాలమ్‌లోంచి దాని టైముకు అది బయటికొస్తుంది, స్క్రీన్ మీద ఒక పీక్, గుట్టలాంటి గీత, లేస్తుంది. పక్కనే ఎంత ఉందో ముందే తెలిసిన రిఫరెన్స్ స్టాండర్డ్‌ను కూడా నడిపి, రెండు పీకులనూ పోల్చి లెక్క కడతారు. స్టాండర్డ్ సరైనదైతే, చేసేవాడికి పని వస్తే, 253 అంటే 253కు దగ్గరగానే ఉంటుంది. మాస్ స్పెక్ట్రోమెట్రీ కూడా చేశారంటే అది ఏ పదార్థమో కూడా గట్టిగానే చెప్పొచ్చు.

ఇప్పుడు రెండోది. రిపోర్ట్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది చూడు, ఈ ఫలితం మాకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తుంది అని. ప్రపంచంలో ఏ ల్యాబ్ అయినా ఆ మాట రాస్తుంది, మేమూ రాస్తాం. ఆ ఒక్క లైనులోనే ఉంది కథంతా. నమూనా ఎవరు పంపారు? అమ్మేవాడే పంపితే వాడు మంచి సీసా పంపుతాడు, దానికోసం ప్రత్యేకంగా ఒకటి కలిపి మరీ పంపొచ్చు, లేదా అసలు కంపెనీ ఆంప్యూల్ పగలగొట్టి తన సీసాలో పోసి పంపినా ల్యాబ్‌వాళ్లకు తెలిసే దారి లేదు. వాళ్లు అబద్ధం చెప్పినట్టూ కాదు. ఎవరో మనిషి పోస్టులో పంపిన నూనె మీద చెప్పిన నిజం అది.

నువ్వు రైస్ మిల్లులో ఉన్నానన్నావు కాబట్టి నీకు నాకంటే బాగా తెలియాలి. వడ్ల తేమ 17 శాతం దాటకూడదు. కొనుగోలు కేంద్రంలో ఒక మెషీన్, మిల్లు దగ్గర ఇంకో మెషీన్. మెషీన్ రెండు చోట్లా సరిగ్గానే పని చేయొచ్చు. గొడవంతా ఏ బస్తాలోంచి గింజలు తీశారు, ఎవరు తీశారు, పైన ఆరినవి తీశారా అడుగున ఉన్నవా అన్నదాని మీదే కదా. లారీ మొత్తానికి ఒకే బస్తా చూపించి, ఆ బస్తా కూడా రైతే ఎంచి ఇస్తే మీ మామ ఒప్పుకుంటాడా?

ఇక బ్యాచ్ సంగతి. లైసెన్స్ ఉన్న కంపెనీలో ప్రతి బ్యాచ్‌నూ పరీక్షిస్తాం, మొదట నింపిన సీసాలు, మధ్యలోవి, చివరివి తీసి చూస్తాం, కొన్ని దాచి ఎక్స్‌పైరీ దాటేదాకా ఉంచుతాం. టెస్టోస్టిరాన్ ఎనాంథేట్ ఇంజెక్షన్‌కు అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) పెట్టిన హద్దు, లేబుల్ మీద రాసినదాంట్లో 90 నుంచి 110 శాతం. ఆ హద్దు ప్రతి బ్యాచ్‌కూ వర్తిస్తుంది, ఏడాదికోసారి చూపించే ఒక సీసాకు కాదు. గదిలో స్టవ్ మీద నూనె వేడి చేసి పౌడర్ కలిపేవాడు ఈ వారం ఒక సరఫరాదారు పౌడర్ వాడతాడు, వచ్చే వారం ఇంకొకరిది. తూకం తప్పితే అడిగేవాడు లేడు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. కొన్ని రిపోర్ట్‌లలో "ప్యూరిటీ 99 శాతం" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మెషీన్ చూసిన పీకుల్లో 99 శాతం ఒక్కదానిదే అని దానర్థం. నూనెను అందులో లెక్కేయరు. సీసాలో ఉండాల్సిన మందులో సగమే ఉన్నా ప్యూరిటీ మాత్రం 99 అనే వస్తుంది. మి.లీ.కి ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే లెక్క వేరు, దాన్ని ఎస్సే అంటాం. నీ రిపోర్ట్‌లో 253.4 అని ఉంది కాబట్టి ఎస్సే చేసినట్టే, అది మంచిదే.

నీ దగ్గరున్న రిపోర్ట్‌లో మూడు చూసి చెప్పు: నమూనా పంపింది ఎవరు, బ్యాచ్ నంబర్ ఏంటి, తేదీ ఎంత. సాధారణంగా వాళ్లు సీసా ఫోటో కూడా పెడతారు, అదీ చూడు.

పాలమూరు పిల్లోడు:

అన్న చెప్పింది కరెక్టే కానీ ఫ్యాక్టరీలో ఏసీ గదిలో కూర్చుని చెప్పే మాట ఇది. బయట పరిస్థితి వేరు. నేను వాడాను, నాలుగేళ్లు, ఇప్పుడు మానేశాను, దాచుకోవాల్సిందేం లేదు. నేను మొదలుపెట్టినప్పుడు రిపోర్ట్ అన్న మాటే లేదు. ఆక్సాండ్రోలోన్ అని ఇచ్చిన మాత్రల్లో స్టానోజొలాల్ ఉండేది, మెథెనోలోన్ అని ఇచ్చిన నూనెలో ఉత్త టెస్టోస్టిరాన్ ఉండేది, ఎందుకంటే ఖరీదైనది పేరు రాసి చౌకది పోస్తే లాభం. 2022లో బీఎంసీ పబ్లిక్ హెల్త్ పత్రికలో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన పేపర్ ఒకటి వచ్చింది. బ్లాక్ మార్కెట్ స్టిరాయిడ్లలో సగటున 36 శాతం నకిలీవి, 37 శాతం నాసిరకంవి అని తేల్చారు.

ఈ పరిస్థితిలో వాడేవాళ్లే తలా కొంత వేసుకుని, అమ్మేవాడికి చెప్పకుండా కొని, ల్యాబ్‌కు పంపి ఫలితం అందరికీ చూపిస్తుంటే కొంతమంది అమ్మేవాళ్లకైనా భయం పట్టుకుంది. ఎటూ వాడేవాడు వాడతాడు. ఏమీ తెలియకుండా వాడటం కంటే సగం తెలిసి వాడటం మేలు కాదా? అసలు రిపోర్ట్‌తో పనేముంది, మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకు రక్తపరీక్ష చేయించుకో, టెస్టోస్టిరాన్ 1,500 దాటి కనిపిస్తే సరుకు అసలుది, లేకపోతే డూప్. హైదరాబాద్ దాకా వెళ్లక్కర్లేదు, మహబూబ్‌నగర్‌లోనే చేస్తారు.

సిస్టర్ నల్లగొండ:

స్టాఫ్ నర్సును. పై తమ్ముడు రక్తపరీక్ష అన్నాడు కాబట్టి రాస్తున్నాను. సరుకు అసలుదో కాదో తెలుసుకోవడానికి ముందు దాన్ని ఒంట్లోకి ఎక్కించుకోమంటున్నావు, అది పరీక్ష ఎలా అవుతుంది తమ్ముడూ, ఎలుక మీద చేసే పని నీ మీద నువ్వే చేసుకోవడం కదా. రక్తంలో టెస్టోస్టిరాన్ పెరిగిందంటే ఏదో లోపలికి వెళ్లిందని తెలుస్తుంది. దానితోపాటు ఇంకేం వెళ్లిందో తెలియదు. మామూలు ల్యాబ్‌లలో చేసే హార్మోన్ టెస్టుల్లో కొన్ని వేరే స్టిరాయిడ్లు కూడా అడ్డం పడి అంకె తప్పుగా చూపిస్తాయి.

నేను చెప్పాలనుకున్నది వేరే. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు "మందు నకిలీదేమో సిస్టర్" అని రారు. పిర్ర మీద గడ్డ పెట్టుకుని, కూర్చోలేక, పక్కకు ఒరిగి నడుచుకుంటూ వస్తారు. మొన్న వచ్చిన అబ్బాయికి నిమ్మకాయంత ఉంది, ఎర్రగా, ముట్టుకుంటే కాలుతోంది. కోసి చీము తీస్తే కిడ్నీ ట్రే సగం నిండింది. రోజూ గాజుగుడ్డ మారుస్తూ మూడు వారాలు. వాడి ఫోన్‌లోనూ ఉంది రిపోర్ట్, డాక్టర్‌కు చూపించాడు కూడా. మందు సరిగ్గా రాసినంతే ఉందట. ఉంటే ఉండొచ్చు, చీము వచ్చింది మందు వల్ల కాదు కదా.

పీక్ చూసేవాడు:

సిస్టర్ సరిగ్గా పాయింట్ పట్టుకున్నారు, నేను మొదటి పోస్ట్‌లోనే రాయాల్సింది. హెచ్‌పీఎల్‌సీకి బ్యాక్టీరియా కనిపించదు. స్టెరిలిటీ టెస్ట్ అని వేరే ఉంటుంది. ఒకటి కాదు, బ్యాచ్‌లోంచి కొన్ని సీసాలు తీసుకుని, వాటిలోని మందును సూక్ష్మజీవులు పెరగడానికి పెట్టే ద్రవంలో వేసి 14 రోజులు ఇంక్యుబేటర్‌లో పెట్టి, రోజూ చూస్తూ ఉండాలి, మబ్బుగా మారితే ఫెయిల్. బ్యాక్టీరియా చచ్చినా దాని విషం మిగులుతుంది, ఎండోటాక్సిన్, దానికి ఎల్ఏఎల్ అని ఇంకో టెస్ట్, గుర్రపునాడా పీత రక్తంతో తయారైన రసాయనం వాడతారు. సీసం, ఆర్సెనిక్ లాంటివి ఉన్నాయేమో చూడాలంటే మెషీనే వేరు. ఒక మనిషి ఒక సీసా పంపి ఎస్సేకు డబ్బు కడితే ఇవేవీ చేయరు, చేయడానికి సీసాలు కూడా చాలవు. కాబట్టి రిపోర్ట్‌లో "పాస్" అని కనిపిస్తే దేంట్లో పాస్ అని అడగాలి. పదో తరగతి మెమోలో ఒక్క లెక్కల మార్కులే చూపించి పిల్లాడు పాసయ్యాడని చెప్పినట్టుంది వ్యవహారం.

పాలమూరు తమ్ముడూ, నీతో నాకు పెద్ద తగాదా లేదు. వాడేవాడు తన పేరు బయటపెట్టకుండా కొని, సీల్ విప్పకుండా పంపిన రిపోర్ట్‌కూ, అమ్మేవాడు డబ్బు కట్టి తెప్పించుకున్న రిపోర్ట్‌కూ నేలకూ ఆకాశానికీ ఉన్నంత తేడా. మొదటి రకం ఎన్ని ఉంటే అంత మంచిది. స్పెయిన్‌లో ఎనర్జీ కంట్రోల్ అనే సంస్థ ఇలాంటి పనే చేస్తుంది, వాడేవాళ్లు పంపిన డ్రగ్స్‌ను పరీక్షించి చెప్తుంది, అమ్మేవాడికి సర్టిఫికెట్ ఇవ్వడం వాళ్ల పని కాదు. కానీ నువ్వే ఆలోచించు, అమ్మేవాడి గ్రూపులో ఎప్పుడైనా ఫెయిల్ అయిన రిపోర్ట్ చూశావా? పది పంపి, ఏడు బాగోకపోతే మిగతా మూడే గ్రూపులో పెడతాడు. చూసేవాడికి మూడుకు మూడూ పాస్.

ల్యాబ్‌నే నమ్మొచ్చా అంటే దానికీ పద్ధతి ఉంది. వాళ్లకు చెప్పకుండా వాళ్లనే పరీక్షించాలి. ఒకే సీసాను రెండుగా పంచి వేర్వేరు పేర్లతో పంపితే ఒకే అంకె రావాలి. మెడికల్ షాపు మందును లేబుల్ తీసేసి పంపితే దాని మీద రాసిన అంకె దగ్గరకు రావాలి. ఉత్త నూనె పంపితే సున్నా రావాలి. మా దగ్గర కొత్తగా చేరిన అనలిస్ట్‌కు ఇలాగే తెలియకుండా శాంపిల్ ఇస్తాం, మొదటిసారి నాకు ఇచ్చినప్పుడు తప్పాను, ఇప్పటికీ మా మేనేజర్ గుర్తు చేస్తుంటాడు. ఉత్త నూనెకు కూడా ఎవరైనా 240 అని ఇచ్చారంటే ఆ ల్యాబ్ కథ అక్కడితో అయిపోయినట్టే. ఇలా ఎవరో చేసి చూశారా, చేసినవాళ్లు అమ్మేవాళ్లతో సంబంధం లేనివాళ్లేనా అన్నది ముఖ్యం.

ఇంకో మాట. ల్యాబ్ దేనికోసం వెతికితే అదే దొరుకుతుంది. 2003లో అమెరికాలో ఆటగాళ్లకు దొంగచాటుగా స్టిరాయిడ్లు ఇచ్చిన బాల్కో కంపెనీ వ్యవహారం గుర్తుందా, టీహెచ్‌జీ అనే స్టిరాయిడ్ అప్పటిదాకా ఏ డోప్ టెస్ట్‌కూ చిక్కలేదు. ఒక అథ్లెటిక్స్ కోచ్ వాడేసిన సిరంజిని డోపింగ్ నిరోధక సంస్థకు పంపితే, అది యూసీఎల్‌ఏ ల్యాబ్‌కు చేరి, డాన్ కాట్లిన్ బృందం అడుగున మిగిలిన మరకలోంచి దాన్ని పట్టుకుంది. అప్పటిదాకా అది వాడినా ఆటగాళ్ల రిపోర్ట్‌లో కనిపించేది కాదు.

గద్వాల సీడు:

మా వైపు ఇది కొత్తేం కాదు. పత్తి విత్తనం ప్యాకెట్ మీద కంపెనీ పేరు లేని లూజు సరుకు అమ్మేవాడు కూడా మొలక శాతం కాగితం చూపిస్తాడు. మొలక వస్తుంది కూడా. పూత, కాయ దగ్గర దెబ్బ కొడుతుంది. అప్పుడు బిల్లు ఏదిరా అంటే బిల్లు ఉండదు, ఎవరి మీద కేసు పెడతావ్, పక్క ఊరోడి మీదా? ఎకరాలు పోయినోళ్లను చూశాను. మీది ఒళ్లు, అంతే తేడా.

మందుల షాపు సూర్యాపేట:

నాకు ఫార్మసీ లైసెన్స్ ఉంది, పదిహేనేళ్లుగా షాపు నడుపుతున్నాను. చట్టం సంగతి చెప్తాను, చాలామందికి తెలియదు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్ 1940లో 26వ సెక్షన్ ఉంది. ఎవరైనా సరే, తాను కొన్న మందును ఫీజు కట్టి గవర్నమెంట్ అనలిస్ట్‌కు ఇచ్చి పరీక్ష చేయించుకోవచ్చు, ఆయన సంతకంతో రిపోర్ట్ ఇస్తారు. మనకు ఆ ల్యాబ్ హైదరాబాద్ వెంగళరావునగర్‌లో డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల దగ్గర ఉంది. మెడికల్ షాపులో కొన్న మందు మీద అనుమానం ఉంటే ఈ దారి ఉంది, వాడుకోండి.

కానీ ఈ సింహం సీసా తీసుకెళ్తే ఏమవుతుందో ఆలోచించు. దీన్ని లైసెన్స్ లేకుండా తయారు చేయడమే నేరం, అమ్మడం నేరం. 18ఎ సెక్షన్ ప్రకారం ఇన్‌స్పెక్టర్ అడిగితే ఎవరి దగ్గర తెచ్చావో నువ్వు చెప్పాలి. మీ కోచ్ పేరు చెప్తావా? చెప్పవు. అందుకే ఆ రిపోర్ట్ సముద్రం అవతల నుంచి వస్తుంది, ఇక్కడి నుంచి రాదు. ఇక్కడ వస్తే దాని కింద సంతకం పెట్టినవాడు కోర్టులో నిలబడాలి.

ఇంకోటి, టెస్టోస్టిరాన్ షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ ఉంటేనే ఇస్తాం. చీటీ లేకుండా అడిగే జిమ్ కుర్రాళ్లు నెలకు నలుగురైనా వస్తారు, ఈ మధ్య మెఫెంటర్మిన్ కూడా అడుగుతున్నారు. అది ఆపరేషన్ టైంలో బీపీ పడిపోతే ఇచ్చే ఇంజెక్షన్ రా బాబూ, బెంచ్ ప్రెస్ ముందు పొడుచుకునేది కాదు. జిమ్‌ల మీద డ్రగ్స్ కంట్రోల్ దాడుల్లో అదే దొరుకుతోందని పేపర్లో చదువుతూనే ఉన్నాం.

పాలమూరు పిల్లోడు:

గవర్నమెంట్ ల్యాబ్ అంటే దేవుడా సార్? ఢిల్లీలో మన డోప్ టెస్టింగ్ ల్యాబ్‌నే సస్పెండ్ చేయలేదా?

పీక్ చూసేవాడు:

చేశారు. ఎన్‌డీటీఎల్ అంటే ఆ ఢిల్లీ ల్యాబే, దాని గుర్తింపును ఆగస్టు 2019లో వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) సస్పెండ్ చేసింది, డిసెంబరు 2021లో తిరిగి ఇచ్చింది. నేను చెప్పేదీ అదే తమ్ముడూ. పైన ఒకడున్నాడు కాబట్టి సస్పెండ్ అయింది. ల్యాబ్‌కు ఐఎస్‌ఓ 17025 (పరీక్షా ల్యాబ్‌ల అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉంటే, మన దేశంలో ఎన్‌ఏబీఎల్ ఇస్తుంది, ఎవరో వచ్చి మెషీన్లు చూస్తారు, పాత డేటా తవ్వుతారు, పీక్‌ను చేత్తో అటూ ఇటూ లాగి లెక్క మార్చావా అని కంప్యూటర్‌లో ఎవరు ఏం మార్చారో చూపించే ఆడిట్ ట్రయిల్ తెరిచి అడుగుతారు. ఆ గుర్తింపు కూడా ల్యాబ్ మొత్తానికి కాదు, ఏ టెస్ట్‌కు అని స్కోప్‌లో రాసి ఉంటుంది. నీళ్ల పరీక్షకు గుర్తింపు తెచ్చుకుని హార్మోన్ల రిపోర్ట్ మీద ఆ ముద్ర వేయకూడదు. అండర్‌గ్రౌండ్ సరుకును పరీక్షించే ప్రైవేటు ల్యాబ్‌ల విషయంలో తప్పు జరిగితే పోయేది పేరు ఒక్కటే. ఆ పేరు కాపాడుకోవడానికే నిజాయితీగా చేసేవాళ్లు ఉంటారు, నేను కాదనను. కానీ వాళ్లకు ఎక్కువ డబ్బు కట్టేది అమ్మేవాళ్లే అయితే ఎవరి దగ్గర పేరు కాపాడుకుంటున్నారు అనే ప్రశ్న వస్తుంది.

మిర్యాలగూడ_26:

అన్నా, మీరు చెప్పినట్టు రాత్రి కూర్చుని రిపోర్ట్ మళ్లీ మొత్తం చదివాను. చదివే కొద్దీ టెన్షన్ పెరిగింది. పంపినవాళ్లు అన్న దగ్గర ఆ సింహం బ్రాండ్ పేరే ఉంది. బ్యాచ్ నంబర్ దగ్గర గీత మాత్రమే ఉంది, ఏమీ రాయలేదు. తేదీ చూస్తే పద్నాలుగు నెలల కిందటిది. నా సీసా మీద తయారీ తేదీ మూడు నెలల కిందటిది, అంటే నా సీసా పుట్టకముందే పరీక్ష పాసయింది.

ఫోటో కూడా ఉంది. అందులో సీసాకు ఎర్ర మూత, నాదానికి బంగారు రంగు మూత. లేబుల్‌లో సింహం కూడా అటు తిరిగి ఉంది. కోచ్ అన్నను అడిగితే ప్యాకింగ్ మార్చారు, లోపల సరుకు అదే అన్నాడు.

ఇంకో డౌట్. ఇంట్లో ఫ్రిజ్‌లో, తలుపు అరలో దోసెల పిండి గిన్నె వెనకాల పెట్టాను. నిన్న చూస్తే అడుగున పటికబెల్లం పలుకుల్లా తెల్లగా గడ్డ కట్టింది. ఆయనేమో "మందు ఎక్కువ ఉంటేనే అట్ల కడ్తది, డూప్‌దైతే కట్టదు" అంటున్నాడు. నిజమేనా?

పీక్ చూసేవాడు:

చల్లగా ఉంటే ఈ మందులు నూనెలోంచి విడిపోయి పలుకులు కట్టడం మామూలే, అసలు కంపెనీ మందు మీద కూడా ఫ్రిజ్‌లో పెట్టొద్దని, పలుకులు కడితే కొంచెం వెచ్చబెట్టి కరిగించమని రాసి ఉంటుంది. కట్టిన పలుకులు ఏ పదార్థానివో, ఎంత మందు ఉందో కంటితో చూసి చెప్పలేం. ఆయన దాన్నే ల్యాబ్ చేసేశాడు. సీసాను బయటికి తీసి మామూలు చోట పెట్టు, ఇంట్లో ఎవరి చేతికీ అందకుండా పెట్టు. వాడొద్దు.

సిస్టర్ నల్లగొండ:

పిండి గిన్నె వెనకాల ఇంజెక్షన్ సీసా పెట్టావా తమ్ముడూ? అమ్మ చూడలేదా?

బరువు ఆగిపోయిందన్నావు కదా, మందుల మాట పక్కన పెట్టి ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ డి చూపించుకో. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావో కూడా రాయలేదు. కోతల సీజన్‌లో మిల్లులో నిద్ర ఉండదని మా చిన్నాన్న కూడా అంటాడు. అసలు టెస్టోస్టిరాన్ తక్కువ ఉందని అనుమానం ఉంటే పొద్దున్నే పరగడుపున రక్తం ఇచ్చి డాక్టర్‌ను కలువు. బయటి నుంచి ఎక్కిస్తే లోపల తయారయ్యేది ఆగిపోతుంది, వీర్యకణాలు పడిపోతాయి, పెళ్లికాని కుర్రాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పరు.

మిర్యాలగూడ_26:

అమ్మ చూసింది సిస్టర్. హోమియో మందని చెప్పాను.

అప్‌డేట్ చెప్దామని వచ్చాను. నిన్న జిమ్‌కు వెళ్లి కోచ్ అన్నను రెండే అడిగాను. ఈ బ్యాచ్‌కు రిపోర్ట్ ఉందా అని ఒకటి. లేకపోతే మీ దగ్గరున్న పెట్టెలోంచి నేను చెప్పిన సీసా తీసి ఇద్దరం చెరి సగం వేసుకుని మనమే ల్యాబ్‌కు పంపుదామా అని రెండోది. పంపే ఉద్దేశం నాకూ లేదు, మందుల షాపు అన్న చెప్పాక అసలే లేదు, ఏమంటాడో చూద్దామని అడిగాను. మొదట నవ్వాడు. తర్వాత డంబెల్స్ సర్దుకుంటూ "ఇంత అనుమానం ఉన్నోనికి ఇది సెట్ కాదు తమ్మీ, నీ ఎనక పది మంది లైన్‌ల ఉన్నరు" అన్నాడు. సరే తీసుకోండని సీసా ఇచ్చేశాను. బల్బు వెలుగుకు పెట్టి సీల్ విప్పలేదు కదా అని రెండుసార్లు తిప్పి చూశాడు, నేను ఆయన సరుకును చూడాల్సినంత శ్రద్ధగా ఆయన నన్ను చూశాడు.

డబ్బులు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఇచ్చేది లేదు, బదులుగా ప్రోటీన్ డబ్బా తీసుకెళ్లమన్నాడు. దానికీ ల్యాబ్ రిపోర్ట్ ఉందట, రాత్రికి వాట్సాప్ చేస్తానన్నాడు.